గోదాములో చలి: నా అనుభవం

ఆదిలాబాద్‌లో పాత పత్తి గోదామును కుట్టు సెంటర్‌గా మార్చుకున్నాం. పైకప్పు 20 అడుగుల ఎత్తు. డిసెంబర్ పొద్దుటిపూట సూదిలో దారం ఎక్కించబోతే ఆడపిల్లల వేళ్లు కొంకర్లు పోయేవి, చూడలేకపోయేదాన్ని.

2000 వాట్ల ఫ్యాన్ హీటర్ పెట్టాను. వేడిగాలంతా రేకుల కిందికి చేరింది. నిచ్చెనెక్కితే పైన ఉక్కపోత, కింద గచ్చు మాత్రం మంచుగడ్డ! పైగా 6 ఆంప్స్ ప్లగ్గు కరిగి కమురు వాసన. ఆ హీటర్ దాదాపు 9 ఆంప్స్ లాగుతుంది మరి.

ఎలక్ట్రీషియన్ అన్నతో 16 ఆంప్స్ సాకెట్లకు వేరే లైను వేయించాను. గాలిని కాక ఎదురుగా ఉన్న మనిషిని వెచ్చబెట్టే క్వార్ట్జ్ రాడ్ హీటర్లు తెచ్చి, బట్టలకు 3 అడుగుల దూరంలో పెట్టాం. కాళ్ల కింద గోనెపట్టాలు పరిచాం. ఇప్పుడు పిల్లలు ఎనిమిదింటికే మిషన్ ఎక్కుతున్నారు.