కర్రసాము: ఇరవైలో మొదలుపెట్టి డెబ్బైలోనూ కొనసాగించడం ఎలా

దసరా ఊరేగింపులోనో పీర్ల పండుగలోనో కర్ర తిప్పేవారిని చూసి, తామూ నేర్చుకోవాలని ఉబలాటపడేవారు చాలా ఊళ్లలో కనిపిస్తారు. అమలాపురంలో దసరాకు కర్రలు, కత్తులు తిప్పుతూ జరిపే చెడీ తాలింఖానా అనే ప్రదర్శనను ఒకసారి చూసినవారికి ఆ కోరిక మరీ బలంగా కలుగుతుంది. అయితే పండుగకు నెల ముందు కర్ర పట్టి, పండుగ మర్నాడే దాన్ని అటక ఎక్కించే పద్ధతిలో ఈ విద్య సాధారణంగా ముప్పై అయిదో ఏడు దాటి సాగదు. ఏడాదిలో పదకొండు నెలలు ఏ సాధనా లేని మణికట్టు, మోచేయి, భుజం ఒక్కసారిగా గంటల తరబడి శ్రమకు లోనైనప్పుడు స్నాయువులు దెబ్బతింటాయి. అలా రెండు మూడు పండుగలు గడిచాక మనిషి ప్రేక్షకుల్లో చేరిపోతాడు. కాబట్టి జీవితాంతం సాము చేయదలచినవారు ముందుగా పండుగను మనసులోంచి తీసేసి, రోజుకు అరగంట చొప్పున ఏడాది పొడవునా చేయగలిగిన సాధనను నిర్ణయించుకోవాలి.

వృద్ధాప్యంలోనూ ఈ విద్యలు సాగుతాయా అని అనుమానించేవారు పొరుగున ఉన్న కేరళ వైపు చూడవచ్చు. ఏడేళ్ల వయసులో అక్కడి సంప్రదాయ యుద్ధవిద్య కళరిపయట్టు మొదలుపెట్టిన వడకర మీనాక్షి అమ్మకు 2017లో పద్మశ్రీ వచ్చేనాటికి ఆమె డెబ్బైలలో ఉండి, ఇంకా శిష్యులకు నేర్పుతున్నారు. 2022లో అదే పురస్కారం పొందిన మరో కళరిపయట్టు గురువు చుండయిల్ శంకరనారాయణ మేనోన్ వయసు అప్పటికి తొంభై దాటింది. మన ప్రాంతంలోనూ వ్యాయామశాలల సంప్రదాయం బలంగానే ఉండేది. సర్కస్‌లో బలప్రదర్శనలతో పేరు పొందిన కోడి రామ్మూర్తి నాయుడు విజయనగరం వ్యాయామశాలల వాతావరణంలో తయారైనవాడే. గరిడీలు అని పిలిచే ఆ వ్యాయామశాలలు చాలావరకు మూతపడ్డాయి కాబట్టి నేడు నేర్చుకోదలచినవారికి గురువును వెతుక్కోవడమే మొదటి పని అవుతుంది.

ఊరేగింపులో అందరికన్నా వేగంగా తిప్పినవాడే మంచి గురువు కావాలని లేదు. ఆయన నేర్పే చోటికి వెళ్లి ఒక పూట మొత్తం పక్కన నిలబడి చూడడం మంచిది. కొత్తగా చేరిన పిల్లవాడికి ఆయన ఎంత సమయం ఇస్తున్నాడు, నలభై, యాభై ఏళ్లు దాటిన శిష్యులు ఇంకా వస్తున్నారా, మోకాలు నొప్పి అన్నవాడితో ఏం మాట్లాడుతున్నాడు అనేవి గమనించాలి. పాత శిష్యులు ఒక్కరూ లేని చోట విద్య ఎంత గొప్పదైనా శరీరాలు నిలవడం లేదని అర్థం చేసుకోవాలి. చేరిన నెలలోనే ఎదురెదురుగా నిలబెట్టి కొట్టించే చోట చేరకపోవడమే మేలు. అడుగులకూ దెబ్బలకూ పేర్లు, వరసలు గురువుకు గురువుకు మారుతుంటాయి కాబట్టి ఒకరి దగ్గర కనీసం కొన్నేళ్లు నిలకడగా నేర్చుకున్న తరువాతే మరొకరి పద్ధతి చూడాలి. సెల్‌ఫోన్‌లో చూసి నేర్చుకున్నవి ఒంటరిగా తిప్పడానికి కొంత పనికివస్తాయేమో గానీ, ఎదుటివాడి కర్ర ఎంత దూరంలో ఉందో కొలిచే చూపును అవి ఇవ్వలేవు.

కర్ర విషయానికి వస్తే, లోపల బోలు తక్కువగా ఉండి, కణుపులు దగ్గరగా ఉన్న ముదురు వెదురును ఎంచుకోవాలి. నిలబెట్టినప్పుడు అది కనుబొమలకూ నడినెత్తికీ మధ్య ఎక్కడో ఒకచోటికి రావాలి. పట్టుకున్నప్పుడు బొటనవేలు, నడిమివేలు ఒకదానికొకటి తగిలేంత లావు సరిపోతుంది. పచ్చి వెదురును ఎండలో ఆరబెడితే పగుళ్లు వస్తాయి కాబట్టి నీడలో కొన్ని వారాలపాటు ఆరనివ్వాలి. తరువాత కణుపులను నున్నగా చెక్కి, నువ్వుల నూనె గానీ ఆముదం గానీ పట్టించి, అప్పుడప్పుడూ మళ్లీ రాస్తూ ఉండాలి. ప్రతి సాధనకు ముందు కర్ర పొడవునా అరచేతితో నిమిరి, బీట ఎక్కడైనా తగిలితే దాన్ని పక్కన పెట్టేయాలి. వేగంగా తిరిగేటప్పుడు చీలిన వెదురు పేడు కంటికి తగిలే ప్రమాదం ఉంది. వయసు మళ్లాక మొదలుపెట్టేవారికీ, మణికట్టు బలహీనంగా ఉన్నవారికీ తేలికైన పేము కర్ర అనుకూలంగా ఉంటుంది.

సాధన చేసే చోట చుట్టూ కనీసం పది అడుగుల ఖాళీ ఉండాలి. మేడ మీద చేసేవారు పైన కరెంటు తీగలు ఉన్నాయేమో చూసుకోవాలి. పాత గరిడీల్లో మెత్తని మట్టి పరచి ఉంచేవారు. సిమెంటు నేల మీద ఏళ్ల తరబడి ఎగిరి దూకితే ఆ భారమంతా మోకాళ్ల మీదా మడమల మీదా పడుతుంది కాబట్టి మట్టినేల దొరకనివారు దూకుళ్లను మానుకొని, పాదాన్ని నేలకు దగ్గరగా జరిపే అడుగులకే పరిమితం కావాలి.

అసలు విద్య పాదాల్లోనే ఉంది. మొదటి రెండు నెలలూ కర్ర ముట్టకుండా అడుగులే నేర్చుకోవాలన్న గురువు మాట కుర్రవాళ్లకు రుచించదు గానీ, వయసు అరవై దాటాక మిగిలేది ఆ రెండు నెలల్లో నేర్చుకున్నదే. పాదాలను భుజాల వెడల్పున ఉంచి, మోకాళ్లను కొద్దిగా వంచి, మోకాలు కాలివేళ్ల దిశలోనే ఉండేలా చూసుకుంటూ ముందుకు, వెనక్కు, ఐమూలగా అడుగులు వేయడం అభ్యసించాలి. ప్రతి అడుగు తరువాతా ఒక్క క్షణం ఆగి, ఆ స్థితిలో ఎవరైనా భుజం మీద చేయి వేసి నెడితే పడిపోకుండా ఉండగలనా అని చూసుకోవాలి. నాలుగు దిక్కులకూ తిరిగి, మొదలుపెట్టిన చోటికే రాగలిగినప్పుడు కర్ర అందుకోవచ్చు.

కర్ర పట్టాక కూడా మొదట ఒక చేత్తో శరీరానికి ముందు నెమ్మదిగా, ఎదుటివాడు ప్రతి మలుపునూ స్పష్టంగా చూడగలిగేంత వేగంతో తిప్పాలి. పట్టు బిగిస్తే మోచేతి బయటి వైపు నొప్పి మొదలవుతుంది. కర్రను వేళ్లు నడిపించాలి, తిరిగే పని మణికట్టు, భుజం పంచుకోవాలి. కుడిచేతి వాటం ఉన్నవారు ఎడమ చేత్తో రెట్టింపు సేపు తిప్పడం అవసరం, ఎందుకంటే ఒకవైపే సాగిన సాధన కొన్నేళ్లకు భుజాలను, నడుమును వంకర చేస్తుంది. దండీలు (నేలకు చేతులానించి ఒంటిని దించి లేపడం), బస్కీలు (గుంజీల్లా కూర్చొని లేవడం) తీయడం ఈ విద్యకు పాత తోడే. అయితే వందల లెక్కన పోటీపడి తీసేకంటే, రూపం చెడకుండా తీయగలిగినన్ని తీసి ఆపడం మంచిది.

ఇద్దరు కలిసి చేసేటప్పుడు ఎక్కడ కొట్టబోతున్నారో ముందే చెప్పి, నెమ్మదిగా కొట్టి, అడ్డుకోవడం నేర్చుకోవాలి. ఎక్కువగా దెబ్బతినేది తల కాదు, వేళ్లు. అందువల్ల చేతి తొడుగులను చిన్నతనంగా భావించనక్కరలేదు. వేగం పెరిగాక తలకు రక్షణ లేకుండా అభ్యాసం చేయకూడదు. గొంతు, మెడ, మోకాలు లక్ష్యాలు కావని ఇద్దరూ ముందే ఒప్పుకోవాలి.

ఉద్యోగం, సంసారం మొదలైన ముప్పై, నలభైలలో చాలామంది సాధన మానేస్తారు. రోజూ రెండు గంటలు కేటాయించలేకపోతున్నామన్న బెంగతో అసలుకే వదిలేయడం దీనికి ప్రధాన కారణంగా కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ సరిపోతుంది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు అడుగులూ కర్రా సాధన చేస్తే 150 నిమిషాలు అవుతాయి. 65 ఏళ్లు దాటినవారు వారానికి కనీసం మూడు రోజులు నిలకడను పెంచే వ్యాయామాలు చేయాలని కూడా ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఐమూలగా అడుగు వేసి బరువును ఒక కాలి మీదికి మార్చడం సరిగ్గా అలాంటి వ్యాయామమే.

యాభై దాటాక కొన్నింటిని వదులుకోవాలి. దూకి తిరగడం, పూర్తిగా కూర్చొని లేవడం, బిగించిన ఊపిరితో బలంగా కొట్టడం ముందుగా పోవలసినవి. ఊపిరి బిగపడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి దెబ్బతో పాటు గాలిని బయటికి వదలడం అలవాటు చేసుకోవాలి. గుండె జబ్బు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు ఎంత శ్రమ పనికివస్తుందో వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి. ఈ దశలో నేర్పడం కూడా సాధనలో భాగమే, ఎందుకంటే పిల్లవాడికి ఒక అడుగును పదిసార్లు విడమరచి చూపేవాడు తానూ ఆ అడుగును పదిసార్లు సరిచూసుకుంటాడు.

జ్వరం, శస్త్రచికిత్స, ఊరు మారడం వంటి కారణాలతో మధ్యలో విరామాలు వస్తాయి. తిరిగి మొదలుపెట్టినప్పుడు ఆపిన చోటు నుంచి కాక, కర్ర లేని అడుగుల నుంచే మొదలుపెట్టాలి. ఎన్ని వారాలు మానేశారో అందులో కనీసం సగం వారాలపాటు వేగం జోలికి వెళ్లకుండా ఉండాలి. జంటగా చేసే అభ్యాసాన్ని అన్నిటికన్నా చివర, మునుపటి దూరపు అంచనా తిరిగి వచ్చిందని గురువు చూసి చెప్పాకే మొదలుపెట్టాలి.