కాన్పు తర్వాత జుట్టు రాలింది: నా అనుభవం

పాపకు మూడు నెలలు నిండాక మొదలైంది. తలస్నానం చేస్తే బాత్రూమ్ జాలీ నిండా నా జుట్టే. ఒకరోజు పాప కాలి వేలికి నా వెంట్రుక బిగుసుకుని వేలు ఎర్రగా ఉబ్బింది. అది తీసేసరికి నా చేతులు వణికాయి. బిడ్డ వేళ్లు, సాక్సుల లోపల రోజూ చూడండి, ఇది మాత్రం మరిచిపోవద్దు.

"కొండకెళ్లి తలనీలాలిస్తే ఒత్తుగా వస్తుందిలేమ్మా" అన్నారు అత్తమ్మ. మొక్కు తీర్చుకోవడం మంచిదే, కానీ గుండుతో కుదుళ్లు మారవు. తిరుపతిలోనే చర్మం డాక్టరమ్మకు చూపించుకున్నా. కడుపుతో ఉన్నప్పుడు ఈస్ట్రోజన్ అనే హార్మోన్ పెరిగి, రాలాల్సిన జుట్టు కూడా నిలిచిపోతుందట. కాన్పయ్యాక అది పడిపోతే, ఆగిందంతా రెండు మూడు నెలలకు ఒక్కసారిగా రాలుతుంది. ఆ మాట విన్నాక సగం టెన్షన్ పోయింది.

రక్తపరీక్షలో థైరాయిడ్ బాగానే ఉంది, ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ తక్కువ. డాక్టరమ్మ రాసిన ఐరన్ మాత్ర నిమ్మరసంతో వేసుకుని, కాఫీ రెండు గంటలు ఆగి తాగేదాన్ని. బిగుతు జడ మానేశా. పాలిచ్చే తల్లులు మినాక్సిడిల్ లాంటి జుట్టు పెంచే మందులు సొంతంగా రాసుకోవద్దు.

పాపకు తొమ్మిదో నెలలో నా నుదుటి అంచున పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని కనిపించాయి. దువ్వినా అణగలేదు.