పాత పెంకుటిల్లును వాటర్‌కలర్‌లో వేయడం ఎలా?

సికింద్రాబాద్‌లో మారేడ్‌పల్లి, అల్వాల్, బొల్లారం వైపు సందుల్లోకి వెళ్తే అపార్ట్‌మెంట్ల మధ్య ఇంకా కొన్ని పెంకుటిళ్లు కనిపిస్తాయి. వేయాలని ఉంటే వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి.

ముందు ఇంటివాళ్లను అడగండి. "అమ్మా, మీ ఇల్లు బొమ్మ వేసుకుంటానండీ, గేటు బయటే కూర్చుంటా" అంటే చాలు. నాకైతే కుర్చీ వేసి, టీ కూడా ఇచ్చారు.

కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటి) కాటన్‌ది తీసుకుని, అట్ట మీద నాలుగు వైపులా టేపు వేయండి. పల్చటిదైతే తడికి ఉబ్బిపోతుంది. పొద్దుటి ఎండ ఇంటికి పక్కనుంచి తగిలే చోట కూర్చోండి. చూరు నీడ జరిగిపోతుంటుంది కాబట్టి దాని అంచును ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. కప్పుకు మాత్రం స్కేలు వాడొద్దు. వాసాలు కుంగి నడుమ కొంచెం వంగి ఉంటుంది, ఇంటి వయసంతా ఆ వంపులోనే ఉంది.

ఇక పెంకులు. అందరూ తప్పు చేసేది ఇక్కడే, ఒక్కో పెంకూ గీస్తూ కూర్చుంటారు. కప్పు మొత్తానికీ బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు) ఒకే వాష్‌గా, అంటే నీళ్లు కలిపిన పల్చటి పూతగా వేయండి. తడి ఆరకముందే అక్కడక్కడా అల్ట్రామెరైన్ (ముదురు నీలం) చుక్కలు వదిలితే నాచు, మసి వాటంతటవే వచ్చేస్తాయి. ఏప్రిల్‌లో మన ఎండకు వాష్ నిమిషాల్లో ఆరిపోతుంది, చేయి ఆగకూడదు. పూర్తిగా ఆరాక రెండు మూడు చోట్లే వరుసలు చూపించండి. మనం బెంగుళూరు పెంకులనేవి 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ ఫ్యాక్టరీ మొదలుపెట్టిన రకం. ఒకదానిలో ఒకటి బిగిసి పైనుంచి కిందికి తిన్నగా దిగుతాయి. గూనపెంకుల్లా గుండ్రంగా గీస్తే ఇల్లే మారిపోతుంది.

సున్నం గోడకు తెల్లరంగు వద్దు, ఎండ పడినచోట కాగితాన్నే వదిలేయండి. నీడకు అల్ట్రామెరైన్‌లో కాస్త బర్న్ట్ సియెన్నా కలిపి, ఒకే ఊపులో లాగి, మళ్లీ ముట్టుకోకండి. ఆ తర్వాత కిటికీ ఊచల కింద తుప్పు కారిన చార, పెచ్చులూడిన మూల వేయండి. వాకిలి లోపలి చీకటి ఆఖరున.

కాగితం వెనక తేదీ, సందు పేరు రాయండి. మారేడ్‌పల్లిలో నా బొమ్మ చూసి ఇంటావిడ "ఆ కిటికీ దగ్గరే మా అత్తగారు కూర్చునేవారు" అన్నారు. అదీ వెనకే రాసుకున్నాను.