పెన్‌డ్రైవ్ లెటర్ మారినా పోర్టబుల్ సాఫ్ట్‌వేర్ నడవాలంటే

ఒక కంప్యూటర్‌లో ఎఫ్: అని కనిపించిన పెన్‌డ్రైవ్ ఇంకోదాంట్లో హెచ్: అవుతుంది. అందులోని పోర్టబుల్ సాఫ్ట్‌వేర్ (ఇన్‌స్టాల్ చేయకుండా నేరుగా నడిచేది) తెరుచుకుంటుంది గానీ డేటాబేస్ దొరకదు, ప్లగిన్లు కనిపించవు, డౌన్‌లోడ్ ఫోల్డర్ లేదంటుంది. విండోస్ ఆ సమయానికి ఖాళీగా ఉన్న లెటర్ ఇస్తుంది, ఇచ్చినదాన్ని తన రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగుల నిల్వలో) గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తు ఉండేది కంప్యూటర్‌లో, పెన్‌డ్రైవ్‌లో కాదు. కాబట్టి లెటర్‌ను బిగించడం కన్నా, పెన్‌డ్రైవ్‌లోని సెట్టింగుల్లో లెటరే లేకుండా చేయడం మేలు.

ముందుగా సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా మూసేయండి. చాలా ప్రోగ్రాములు మూసుకునేటప్పుడు సెట్టింగులను మళ్లీ రాస్తాయి, మీరు దిద్దింది తుడిచిపెట్టుకుపోతుంది. సెట్టింగుల ఫైలుకు ఒక కాపీ తీసి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి పాత లెటర్ కోసం వెతకండి. ఒక్క రూపంలో వెతికితే చాలదు. ఐఎన్ఐ రకం సెట్టింగుల ఫైళ్లలో కోలన్ తర్వాత ఒక బ్యాక్‌స్లాష్ ఉంటుంది, జేసన్ రకం ఫైళ్లలో రెండు ఉంటాయి, కొన్ని ప్రోగ్రాములు మామూలు స్లాష్ వాడతాయి. చాలామందికి ఇక్కడే సగం పాత్‌లు (ఫైల్ ఉన్న చోటికి దారులు) మిగిలిపోతాయి.

దొరికిన పూర్తి పాత్‌ను రిలేటివ్ పాత్‌గా, అంటే లెటర్ లేకుండా ఉన్న చోటి నుంచి చెప్పే దారిగా మార్చండి. ప్రోగ్రామ్, డేటా అనే రెండు ఫోల్డర్లు పక్కపక్కన ఉంటే, ప్రోగ్రామ్ ఫోల్డర్ నుంచి డేటాకు దారి ..\డేటా అవుతుంది. రెండు చుక్కలంటే ఒక మెట్టు పైకి, రెండు మెట్లయితే ..\..\ అని రాయాలి. అయితే కొన్ని ప్రోగ్రాములు ఈ దారిని తమ ఈఎక్స్ఈ ఫైల్ (ప్రోగ్రామ్‌ను నడిపే ఫైల్) ఉన్న చోటు నుంచి లెక్కిస్తాయి, కొన్ని తమను మొదలుపెట్టిన ఫోల్డర్ నుంచి లెక్కిస్తాయి. ఈఎక్స్ఈ మీద డబుల్ క్లిక్ చేస్తే పనిచేసి, వేరేచోటి నుంచి తెరిస్తే చెడిందంటే అది రెండో రకం.

పెన్‌డ్రైవ్‌లో షార్ట్‌కట్లు పెట్టుకోకండి, వాటిలో పూర్తి పాత్ ఉంటుంది. బదులుగా చిన్న బ్యాచ్ ఫైల్ (కమాండ్లు వరుసగా రాసి .bat పేరుతో సేవ్ చేసే టెక్స్ట్ ఫైల్) రాసుకోండి. పర్సెంట్ గుర్తు, టిల్డా, డి, పి, సున్నా: ఈ అయిదింటినీ ఖాళీ లేకుండా ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే, ఆ బ్యాచ్ ఫైల్ ఉన్న డ్రైవ్, ఫోల్డర్ రెండూ వస్తాయి. మొదటి వరుసలో సీడీ (ఫోల్డర్ మార్చే కమాండ్), స్లాష్ డి, తర్వాత డబుల్ కోట్లలో ఆ గుర్తులు. స్లాష్ డి మరిచిపోతే ఫోల్డర్ మారుతుంది గానీ డ్రైవ్ మారదు. రెండో వరుసలో స్టార్ట్ (ప్రోగ్రామ్‌ను తెరిచే కమాండ్), ఒక జత ఖాళీ డబుల్ కోట్లు, ఆపైన కోట్లలో ఈఎక్స్ఈ దారి. ఖాళీ కోట్లు లేకపోతే స్టార్ట్ మీ పాత్‌ను విండో టైటిల్ అనుకుంటుంది. ఆ గుర్తుల ఫలితం చివర బ్యాక్‌స్లాష్ ముందే ఉంటుంది, ఇంకోటి చేర్చక్కర్లేదు. దాన్ని కోట్లలో పెట్టి ప్రోగ్రామ్‌కు ఆర్గ్యుమెంట్‌గా (దాని పేరు తర్వాత ఇచ్చే సమాచారంగా) పంపితే మాత్రం, ఆ బ్యాక్‌స్లాష్ మూసే కోటును మింగేస్తుంది. కోటుకు ముందు ఒక చుక్క పెట్టండి.

రిలేటివ్ పాత్‌ను ససేమిరా ఒప్పుకోని ప్రోగ్రాములకు సబ్‌స్ట్ కమాండ్ ఉంది. బ్యాచ్ ఫైల్‌లో సబ్‌స్ట్, పి:, తర్వాత పర్సెంట్, టిల్డా, డి, సున్నా, బ్యాక్‌స్లాష్ రాస్తే, పెన్‌డ్రైవ్‌కు ఏ లెటర్ వచ్చినా పి: కూడా దాన్నే చూపుతుంది. సెట్టింగుల్లో పి: అని రాసుకోండి. దీనికి అడ్మిన్ హక్కులు అక్కర్లేదు. పైగా అడ్మిన్‌గా నడిపిన ప్రోగ్రామ్‌కు మామూలుగా చేసిన పి: కనిపించదు, కాబట్టి బ్యాచ్ ఫైల్‌ను, ప్రోగ్రామ్‌ను ఒకే తీరుగా నడపాలి. పెన్‌డ్రైవ్ తీసే ముందు సబ్‌స్ట్, పి:, స్లాష్ డి ఇచ్చి తొలగించండి. వదిలేస్తే, తర్వాత అదే లెటర్‌తో వచ్చిన ఇంకో పెన్‌డ్రైవ్‌ను పి: చూపిస్తుంది, మీ ఫైళ్లు అందులోకి పోతాయి.

సొంత కంప్యూటర్లు ఒకటి రెండే అయితే లెటర్‌ను స్థిరంగా పెట్టుకోవచ్చు. విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్‌లో కొత్త లెటర్ ఇవ్వండి. దీనికి అడ్మిన్ హక్కులు కావాలి. డి, ఈ లాంటి మొదటి లెటర్లు కార్డ్ రీడర్లకు పోతాయి, నెట్‌వర్క్ డ్రైవ్‌లకు జెడ్ నుంచి వెనక్కి ఇస్తుంటారు. మధ్యలోని ఆర్, టి లాంటివి ఎంచుకోండి.

పని అయ్యాక, ఇదే మెనూలో లెటర్‌ను కావాలని మార్చి చూడండి. ప్రోగ్రామ్ తెరిచి ఒక ఫైల్ సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరవండి. ఇటీవలి ఫైళ్ల జాబితాలో పాత లెటర్ కనిపించినా పర్వాలేదు. డేటా దారిలో కనిపిస్తే మాత్రం ఇంకో సెట్టింగుల ఫైల్ ఎక్కడో మిగిలి ఉన్నట్టే. యూజర్ ప్రొఫైల్‌లోని యాప్‌డేటా ఫోల్డర్ కూడా వెతకండి.