జావాస్క్రిప్ట్‌తో ఇంటరాక్టివ్ మ్యాపులు – మూడవ పాఠం: గుర్తు సరైన చోట పడాలంటే

గత పాఠం ముగిసేసరికి, వెబ్ పేజీలలో మ్యాపులు చూపడానికి వాడే లీఫ్‌లెట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ సాయంతో మన పేజీలో ఒక మ్యాప్ తెరుచుకుంది. దానిని మౌస్‌తో పట్టి పక్కకు జరపగలుగుతున్నాము, దగ్గరగానూ దూరంగానూ చూడగలుగుతున్నాము. ఎవరికైనా మ్యాప్ అసలు కనబడకపోతే, దానిని ఉంచిన డివ్‌కు (పేజీలో మ్యాప్ కోసం కేటాయించిన పెట్టెకు) సీఎస్‌ఎస్‌లో, అంటే పేజీ రూపాన్ని నిర్ణయించే కోడులో, ఎత్తు ఇచ్చారో లేదో ముందుగా చూసుకోవాలి. మ్యాప్ ముక్కలు పేజీలో చెల్లాచెదురుగా పడి ఉంటే, లీఫ్‌లెట్ సీఎస్‌ఎస్ ఫైలు పేజీకి చేరలేదని అర్థం. ఈ రెండూ సరిచేసుకున్నాకే ఈ పాఠం మొదలుపెట్టండి.

ఈసారి పని మ్యాప్ మీద ఒక గుర్తు పెట్టడం. రాయవలసింది ఒక్క వరుసే: ఎల్.మార్కర్‌కు (L.marker) స్థానాన్ని ఇచ్చి, దాని వెంటనే యాడ్‌టూ (addTo) ద్వారా మన మ్యాప్‌కు జతచేయాలి. కోడులో ఈ పేర్లన్నీ ఆంగ్ల అక్షరాలతోనే టైపు చేయాలి, పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా కూడా పాటించాలి. ఎల్ పెద్ద అక్షరం, మార్కర్ మొత్తం చిన్న అక్షరాలు, యాడ్‌టూలో టీ ఒక్కటే పెద్దది. స్థానం అంటే చదరపు కుండలీకరణాలలో ఉంచిన రెండు అంకెల జత. పారిస్‌లోని ఈఫిల్ టవర్‌కైతే [48.8584, 2.2945] అని రాస్తాము. మొదటిది అక్షాంశం, రెండవది రేఖాంశం.

కోడు ఇంత చిన్నదైనా, నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ రెండు అంకెల వరుస దగ్గరే జరిగాయి. అందుకే ఇక్కడ కాస్త నిలిచి చూద్దాము. ఆ జతను తారుమారు చేసి [2.2945, 48.8584] అని రాస్తే గుర్తు పారిస్‌ను వదిలి సోమాలియా తీరానికి తూర్పున హిందూ మహాసముద్రంలో పడుతుంది. పేజీ ఆగదు, కోడులోని తప్పులను బ్రౌజర్ చూపించే కన్సోల్‌లో ఎర్ర అక్షరాలు రావు. ఎందుకంటే ఆ రెండు అంకెలూ లైబ్రరీ దృష్టిలో న్యాయమైన స్థానమే. టోక్యో విషయంలో ఇంకో విచిత్రం కనబడుతుంది. దాని రేఖాంశం దాదాపు 139.76, కాగా అక్షాంశం 90 దాటడానికి వీలులేదు. అయినా తారుమారు చేసినప్పుడు లీఫ్‌లెట్ ఎలాంటి ఫిర్యాదూ చేయదు. గుండ్రని భూమిని చదునుగా పరిచి చూపే దాని మామూలు మెర్కేటర్ పటం దాదాపు 85.05 డిగ్రీల దగ్గర ఆగుతుంది కనుక, అంతకు మించిన అక్షాంశాన్ని ఆ హద్దుకు కుదించి, గుర్తును పటం పై అంచున అతికిస్తుంది. మీ గుర్తులన్నీ అంచున వరుసగా నిలబడి కనబడితే కారణం కోసం ఎక్కువ దూరం వెతకనక్కరలేదు.

ఈ గందరగోళానికి మూలం ఏమిటంటే, రెండు సంప్రదాయాలు పక్కపక్కనే బతుకుతున్నాయి. భూగోళ శాస్త్రం అలవాటు ప్రకారం ముందు అక్షాంశమే చెబుతాము, లీఫ్‌లెట్ దానినే పాటిస్తుంది. స్థల వివరాలను నిల్వచేసే జియోజేసన్ ఫార్మాట్ మాత్రం గ్రాఫ్ గీసినట్లు అడ్డం ముందు, నిలువు తరువాత అని లెక్కించి రేఖాంశాన్ని ముందు ఉంచుతుంది. 2016లో వెలువడిన దాని ప్రమాణం ఈ వరుసనే నిర్దేశించింది. ఏదీ తప్పు కాదు, కానీ ఒకదాని నుండి మరొకదానికి దాటేటప్పుడు జాగ్రత్త మనదే.

జియోజేసన్ ఫైలును ఎల్.జియోజేసన్‌కు (L.geoJSON) నేరుగా అందిస్తే వరుసను లీఫ్‌లెట్ తానే తిప్పుకుంటుంది. అదే ఫైలులోని కోఆర్డినేట్స్‌ను, అంటే స్థానాల అంకెలను, మన లూప్‌లో తీసుకుని ఎల్.మార్కర్‌కు ఇచ్చినప్పుడు ఆ తిప్పడం మనం చేయాలి. నేను ఒకసారి మొదటి పద్ధతిలో చక్కగా పనిచేస్తున్న మ్యాప్‌ను, గుర్తుల రంగు మార్చడం కోసం రెండవ పద్ధతికి మార్చి, గుర్తులన్నీ ఎటు పోయాయో తెలియక ఒక సాయంత్రమంతా డేటా ఫైలునే అనుమానించాను. ఫైలు నిక్షేపంగా ఉంది. ఆనాటి నుండి ఏ కోడులోనైనా ఆ అంకెలను సున్నా, ఒకటి అనే వరుస సంఖ్యలతో వాడకుండా, ముందుగా అక్షాంశం, రేఖాంశం అనే పేర్లున్న రెండు వేరియబుల్స్‌లోకి తీసుకుంటున్నాను. ఇది చాదస్తంగా కనబడినా, కోడును ఆరు నెలల తరువాత తెరిచినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

దశాంశాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు కనుక, ఐదవ దశాంశ స్థానం దాదాపు ఒక మీటరుకు సమానం. భవనానికి గుర్తు పెట్టడానికి ఐదు అంకెలు చాలు.

గుర్తును నొక్కితే వివరం కనబడాలంటే దానికి బైండ్‌పాప్అప్ (bindPopup) జతచేసి, లోపల చూపవలసిన వాక్యం ఇవ్వాలి. ఆ వాక్యాన్ని లీఫ్‌లెట్ హెచ్‌టీఎంఎల్‌గానే పేజీలో పెడుతుంది. కాబట్టి సందర్శకులు రాసి పంపిన పేర్లను, వ్యాఖ్యలను శుద్ధి చేయకుండా అందులో ఉంచరాదు. లేకపోతే ఎవరో పంపిన స్క్రిప్టు మీ పేజీని చూసే ప్రతివారి బ్రౌజర్‌లోనూ నడుస్తుంది. వాక్యానికి బదులు ఒక ఎలిమెంట్‌ను తయారుచేసి, దాని టెక్స్ట్‌కంటెంట్‌లో (textContent) ఆ పేరును ఉంచి, ఆ ఎలిమెంట్‌నే బైండ్‌పాప్అప్‌కు ఇవ్వడం సులువైన మార్గం.

తరువాతి పాఠానికి ముందు చేయవలసిన సాధన ఇది. మీకు బాగా తెలిసిన మూడు స్థలాలతో చిన్న జియోజేసన్ ఫైలు రాసి, వాటిని ఒకసారి ఎల్.జియోజేసన్‌తోనూ, మరోసారి మీ సొంత లూప్‌లో ఎల్.మార్కర్‌తోనూ అదే మ్యాప్ మీద గీయండి. రెండు విడతల గుర్తులూ ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చుని, ఆరు గుర్తులకు బదులు మూడే కనబడితే మీ వరుస సరిగా ఉన్నట్లు.