బాగుచేసి వెళ్లిన మర్నాడే ఫోను, నెట్ మళ్లీ పోతుంటే

కడప ఎర్రముక్కపల్లెలోని మా ఇంటికి ఈ వేసవిలో టెక్నీషియన్లు ఐదుసార్లు వచ్చారు. ఒకటి బాగుచేయడం, ఇంకొకటి చెడగొట్టి వెళ్లడం. ఒంటరిగా ఉండే అమ్మకు ల్యాండ్‌లైనే ఆధారం కాబట్టి, ఏ తప్పు ఎక్కడ జరుగుతోందో పట్టుబట్టి తెలుసుకున్నాను.

సమస్య: మోడెంలో ఎల్ఓఎస్ దీపం ఎర్రగా వెలుగుతోంది.
నెట్‌ను వెలుగు రూపంలో మోసుకొచ్చే గాజు తీగ, అంటే ఫైబర్‌లో వెలుగు ఇంటిదాకా రావడం లేదని అర్థం. అంతకుముందే మీ వీధిలో ఎవరికైనా కొత్త కనెక్షన్ ఇచ్చారేమో అడగండి. స్తంభం మీది బాక్సులో స్ప్లిటర్ ఒకే తీగ వెలుగును చాలా ఇళ్లకు పంచుతుంది. అందులో ఖాళీ లేనప్పుడు మన తీగ పీకి వేరేవాళ్లది పెట్టేస్తారు. మాకు రెండుసార్లు జరిగింది ఇదే. ఫిర్యాదులోనే "ముందు స్తంభం మీది బాక్సు చూడండి" అని రాయించండి. లేకపోతే ఇంటికి వచ్చి మోడెం మార్చి వెళ్లిపోతారు.

సమస్య: దీపాలన్నీ సరిగానే ఉన్నాయి, నెట్ మాత్రం తెగి తెగి వస్తోంది.
వెలుగు వస్తోంది కానీ బలహీనంగా ఉంది. మా వరండాలో కడప బండ అంచున తీగను లంబకోణంలో వంచి, క్లిప్పు పెట్టి మేకు కొట్టారు. లోపల ఉన్నది గాజు పోగు. అలా మడిస్తే వెలుగు పక్కకు కారిపోతుంది. క్లిప్పు తీయించి, తీగను అరచేతి వెడల్పున వంపు తిప్పించాను. ప్లగ్గుల రంగు కూడా చూడండి: ఆకుపచ్చదాన్ని ఆకుపచ్చదానికే కలపాలి. నీలం ప్లగ్గు అందులో దూరుతుంది, కానీ వాటి కొనలు వేరుగా చెక్కి ఉంటాయి, వెలుగు నష్టపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది కొలత. తీగలో వెలుగు బలాన్ని చూపే పవర్ మీటరుతో మరమ్మతుకు ముందొకసారి, తరువాత ఒకసారి కొలవమనండి. రెండు అంకెలనూ ఫోటో తీసుకోండి. ఆ బలాన్ని డీబీఎంలలో చూపిస్తారు, మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువని అర్థం. సాధారణంగా -27 డీబీఎం దగ్గరకు వస్తే ప్రమాదం, -20 ప్రాంతంలో ఉంటే నిశ్చింత. 3 డీబీ తగ్గిందంటే సగం వెలుగు పోయినట్లే. కొలవకుండా "అయిపోయింది సార్" అంటే ఒప్పుకోకండి.

సమస్య: నెట్ ఉంది, ఫోను మూగబోయింది.
మోడెం మార్చినప్పుడు మన నంబరు వివరాలు కొత్తదానిలో ఎక్కించలేదు, లేదా ఫోను తీగ వేరే రంధ్రంలో పెట్టారు. టెక్నీషియన్ గుమ్మం దాటకముందే మీ సెల్లు నుంచి ల్యాండ్‌లైనుకు, అటు నుంచి ఇటు చేసి చూడండి.

పాత రాగి తీగైతే, వాన పడ్డాక గరగరమంటే జాయింటులో తడి చేరినట్లే. టేపు చుట్టి వదిలేయకుండా జాయింటు కొత్తగా వేయించండి.

సమస్య: బాగుకాకుండానే "పరిష్కరించాం" అని మెసేజ్ వస్తుంది.
డాకెట్ నంబరు (ఫిర్యాదుకు ఇచ్చే నంబరు), తేదీలు, ఫోటోలు దాచిపెట్టుకోండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం, ఫిర్యాదు తీరనివాళ్ల మొర వినడానికి ప్రతి టెలికాం కంపెనీకీ అప్పీలు అధికారి ఉండాలి. ట్రాయ్ స్వయంగా వ్యక్తిగత ఫిర్యాదులు విచారించదు కాబట్టి ఆ అధికారికే రాయాలి. నేను ఐదు డాకెట్లూ, మీటరు ఫోటోలూ జతచేసి అప్పీలు పెట్టాకే బాక్సులో మా తీగకు మా ఇంటి నంబరుతో చీటీ కట్టారు.