ఇంగ్లండులో పోస్టల్ ఓటు: ఒక్క దరఖాస్తుతో మూడేళ్ల దాకా

ఇంగ్లండులో ఉంటూ ప్రతి ఎన్నికకూ పోస్టల్ ఓటు కొత్తగా అడగడం విసుగే. (వీసా మీదున్న భారతీయులకూ కామన్వెల్త్ పౌరులుగా అక్కడ ఓటుంది, మనవాళ్లలో చాలామందికి తెలీదు.) ముందు ఓటర్ల జాబితాలో పేరుండాలి. తర్వాత ప్రభుత్వ వెబ్‌సైటులో పోస్టల్ ఓటు దరఖాస్తు తెరిచి, ఎంతకాలానికి అన్నచోట ఒక్క ఎన్నిక కాకుండా గరిష్ఠ కాలం ఎంచుకోండి. మంజూరయ్యాక వచ్చే మూడో జనవరి 31 దాకా చెల్లుతుంది. 2025 మార్చిలో మంజూరైతే 2028 జనవరి 31 వరకన్నమాట. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు (పన్నులు, సామాజిక భద్రత లెక్కల కోసం అక్కడి ప్రభుత్వం ఇచ్చే నంబరు) దగ్గరుంచుకోండి. గీతల్లేని తెల్లకాగితం మీద నల్ల ఇంకుతో సంతకం చేసి, నీడ పడకుండా ఫోటో తీసి ఎక్కించాలి. పోలింగుకు 11 పనిదినాల ముందు, సాయంత్రం 5 లోపు దరఖాస్తు చేరాలి.

దరఖాస్తులో తెలుగులో సంతకం చేస్తే, బ్యాలెట్‌తో వచ్చే పత్రం మీదా తెలుగులోనే చేయండి. రెండూ పోల్చి చూస్తారు, కలవకపోతే ఓటు లెక్కలోకి రాదు. అందులో పుట్టిన తేదీ అడిగినచోట ఆ రోజు తేదీ వేసినా అంతే. ఇల్లు మారితే మాత్రం ఓటరు నమోదు, పోస్టల్ ఓటు రెండూ కొత్త చిరునామాతో మళ్లీ చేసుకోవాలి.